మూడో తూము దగ్గర ఆడమనిషి

బోగోలు దాటి సముద్రం వైపు పోయే రొయ్యల గుంటల రోడ్డు ఉంది చూశారూ, దాని మీద మూడో తూము దగ్గర పొద్దు వాలాక ఎవరూ బండి ఆపరు. ఆపకపోవడమే కాదు, హారన్ కూడా కొట్టరు. కొడితే ఆవిడ తిరిగి చూస్తుందట. గుంటలకు మేత తోలే ఆటో డ్రైవరొకడు చూశానన్నాడు. ఐసు లారీ క్లీనరు ఇంకో అడుగు ముందుకేసి, తెల్లచీర, విరబోసిన జుట్టు, కాళ్లు నేలకు ఆనలేదు అన్నాడు. కాళ్లదాకా చూసేంత సేపు వాడక్కడ నిలబడ్డాడంటే ఎవరు నమ్ముతారు? అయినా ఆ దారిన రాత్రిపూట జనం పోవడం మానేసిన మాట మాత్రం నిజం.

ఆ ఆడమనిషి అసలు లేదని తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు — కారు మెకానిక్కు హజరత్తయ్య. ఎందుకంటే ఆమెను పుట్టించింది అతనే.

కావలి దగ్గర హైవే పక్కన సుశీల్ కుమార్ షెడ్డు ఉంది. రొయ్యల్లో కలిసొచ్చిన మనిషి. కలిసొచ్చినవాళ్లు మేడలు కడతారు, ఈయన పాత అమెరికా కార్లు తెప్పించాడు. పొడుగాటి ముక్కు, వెడల్పాటి వెనక టైర్లు, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. మజిల్ కార్లంటారు. స్టార్టు చేస్తే పక్క టీకొట్లో గ్లాసులు గలగలమంటాయి. వాటిని విప్పి, పిస్టన్లు మార్చి, టర్బో బిగించి, పందేలకు తయారుచేసే పని హజరత్తయ్యది. పందెంలో తోలే పని పెంచల్‌ది. పల్లెపాలెం మనిషి, పడవ ఇంజన్ల దగ్గర చెయ్యి తిరిగినవాడు, పెళ్లాం సాయిలక్ష్మి అంటే ప్రాణం.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. చక్రం నట్లను పానా వేసి కడదాకా బిగించాక, ఒక్కోదాని మీద పసుపు పెయింటు బొట్టు పెట్టాలి. బొట్టు పడిందంటే ఇంక దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు, అనుమానమూ పడరు. ఆ పద్ధతి పెట్టింది హజరత్తయ్యే. "నా బొట్టు జూసి కండ్లు మూసుకోని తోలొచ్చు" అని గొప్పలు పోయేవాడు.

ఎనిమిది నెలల కిందట ఆ రోడ్డు మీద చెన్నై వాళ్ల కారుతో పందెం పడింది. పగలంతా మేత ఆటోలూ ఐసు లారీలూ తిరుగుతాయి కాబట్టి పందేలన్నీ రాత్రే. రోడ్డు మొదట్లో, బయల్దేరే ముందు వెనక చక్రం ఒకటి మార్చాల్సి వచ్చింది. కారు జాకీ మీద ఉండగా హజరత్తయ్య ఐదు నట్లూ చేత్తో తిప్పి పెట్టాడు. కారు కిందికి దించాక పానా వేసి బిగించాలి. కానీ పెయింటు డబ్బా మూత తీసే ఉంది, బ్రష్షు చేతిలోనే ఉంది... ఎటూ బిగించేదేగా అని, ఐదు బొట్లూ ముందే పెట్టేశాడు.

అప్పుడే సుశీల్ కుమార్ కేకేశాడు. "హజరత్తయ్యా! అవతలి కొసన టార్చి పట్టేదానికి మనిషి లేడు, నువ్వు పో!"

పోయాడు. జాకీ ఎవరో దించారు. పెంచల్ వంగి, బొట్లు చూసుకుని, లోపల కూర్చున్నాడు.

పానా ఇంకా సామాన్లు పరిచిన గోనెపట్ట మీదే ఉందన్న సంగతి హజరత్తయ్యకు అవతలి కొసన నిలబడ్డాక తట్టింది. అప్పటికే రెండు కార్ల మోత వినబడుతోంది. ఆగమని టార్చి ఊపాడు. చీకట్లో ఆగమని ఊపినా రమ్మని ఊపినా ఒకటే. అరుస్తూ ఎదురు పరిగెత్తాడు... మూడో తూము దగ్గర చక్రం ఊడింది. కారు పల్టీ కొట్టి గుంటలో పడింది. పెంచల్ ప్రాణం అక్కడే పోయింది.

జనం చుట్టూ మూగారు. ఏం జరిగింది, ఏం జరిగిందని ఒకటే అడగడం. నట్లు అన్న మాట గొంతుదాకా వచ్చింది. బయటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"ఆడమనిషి... రోడ్డుకి అడ్డంగా నిలబడింది... తప్పించబొయ్యి..."

"తెల్లచీరా?" అన్నారెవరో. తలూపాడు.

అంతే. ఊరికి దెయ్యం దొరికింది, హజరత్తయ్య దొరక్కుండా పోయాడు. ఊడిన చక్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పదిహేను రోజులకు సాయిలక్ష్మి షెడ్డుకొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. "మా ఆయన్ని కాపాడాలని పరిగెత్తింది నువ్వొక్కడివేనంట గదన్నా" అని ఏడ్చింది. ఆ చేతుల్తో అన్నం కలుపుకోవాలంటే ఆ రోజు నుంచీ అతనికి సిగ్గుగా ఉంటోంది.

గుంటలోంచి తీసిన కారును సుశీల్ కుమార్ వదల్లేదు. మళ్లీ కట్టించాడు. ఆ రోడ్డు మీదే నడిపి చూపిస్తేగానీ షెడ్డు పేరు నిలబడదన్నాడు. ఎంత బతిమాలినా ఎవరూ సీట్లో కూర్చోలేదు. చివరికి హజరత్తయ్యే "నేను పోతా సార్" అన్నాడు. అతని ధైర్యానికి అందరూ నోరెళ్లబెట్టారు. లేని దెయ్యానికి భయపడటానికి అతనికి కారణం లేదు మరి.

ఆ రాత్రి కారు ఒకటో తూము దాటింది. రెండోది దాటింది. అటూ ఇటూ గుంటల్లో నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. ఐదు నట్లూ పదిసార్లు బిగించుకునే వచ్చాడు, అయినా చెవి వెనక చక్రం మీదే ఉంది.

మూడో తూము మీద లైటు పడింది...

ఆడమనిషి. పిట్టగోడ పక్కన. తెల్లటి చీర. గాలికి రేగిన జుట్టు.

బ్రేకు తొక్కాడు. ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోయింది. లేదు... ఉండదు... నేను కల్పించిన మనిషి ఎట్టా ఉంటుంది? ఆమె మెల్లగా కారు వైపే నడిచి వస్తోంది. అద్దం పక్కకొచ్చి వంగింది.

"ఎవురూ... హజరత్తన్నా?"

సాయిలక్ష్మి! వెలిసిపోయిన పాతచీరలో, చిక్కిపోయి, సాయిలక్ష్మి. పోయిన ప్రాణం తిరిగొచ్చి, నవ్వు కూడా వచ్చింది అతనికి. జనం ఇన్నాళ్లూ చూసింది ఈ పిచ్చితల్లినా? తలుపు తీసుకుని దిగాడు.

"ఈడేం జేస్తుండావమ్మా, ఇంత చీకట్లో?"

"ఆమె కోసరం అన్నా."

"ఎవురి కోసరం?"

"నువ్వు చూసినావే... ఆమె. దినామూ వస్తుండా. నా మొగుడి సంగతి ఆమెతో తేల్చుకోవాల."

నవ్వు అక్కడికక్కడే చచ్చిపోయింది. అతను ఆడిన ఒక్క అబద్ధం ఎనిమిది నెలలుగా ఈమెను రోజూ రాత్రి ఒంటరిగా ఇక్కడికి నడిపిస్తోంది. పాములు తిరిగే గట్ల మీద, చెప్పుల్లేని కాళ్లతో.

"నువ్వు వచ్చినావు, మంచిదాయె" అంది ఆమె గుసగుసగా. "ఆ రాత్రి ఏం చూసినావో ఈడ నిలబడి ఇంకోతూరి చెప్పన్నా. గట్టిగా చెప్పు."

చెప్పబోయాడు. ఎనిమిది నెలల్లో వందసార్లు చెప్పిన కథే. ఆమె అతని మొహంలోకే చూస్తోంది. ఆ చూపులో రవ్వంత అనుమానం ఉన్నా అబద్ధం ఆడేసేవాడేమో... లేదు. అతను రోడ్డు మీదే కూలబడ్డాడు.

"ఆడమనిషి లేదమ్మా... యాడా లేదు. నేను అబద్ధం చెప్పినా. నట్లు బిగించలా... బిగించకనే బొట్లు పెట్టినా. ఆయప్ప నా బొట్టు నమ్మి కూచున్నాడు. పెంచల్‌ని చంపింది నేను తల్లీ..."

తిడుతుందనుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండు అనుకున్నాడు. తలెత్తి చూశాడు. ఆమె ఏడవడం లేదు.

"ఆమె గూడా ఇదే చెప్పిందన్నా" అంది.

"...ఎవురు?"

"మొదటి నెలలోనే చెప్పింది. నట్లు బిగించలేదు, బొట్లు మాత్రం పెట్టినాడు అని. నేనే నమ్మలా. మా అన్న అట్టాంటోడు కాదు, నోరు మూసుకో అని... దినామూ ఆమెతో పోట్లాడతా ఉండా."

గుంటల్లో చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. హజరత్తయ్య మెడ వెనక గాలి చల్లగా తగిలింది.

సాయిలక్ష్మి అతని భుజం మీదుగా, అతని వెనకనున్న తూము వైపు చూసింది. చూసి, మెల్లగా అంది —

"ఇంక పోట్లాడనులేమ్మా... నువ్వు చెప్పిందే నిజం."