సుందరరాజు ఉత్తరాల బీరువా

"వచ్చినాడప్పో... చుట్టాయన మళ్ళా వచ్చినాడు!"

టీ అంగడి శేషయ్య పెట్టిన కేక ఆళ్లగడ్డ బజారు వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా వినపడింది. ఆ వెంటనే టపటపా తలుపులు మూసుకున్నాయి. మా జనం ధైర్యం అట్లాంటిది.

యోబు అప్పుడే అన్నానికని కాళ్ళు కడుక్కుంటాండాడు. చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే చుట్టాయన వచ్చేది ఇంకెక్కడికో కాదు — యోబు పనిచేసే గ్రంథాలయానికే. వెనక గదికే.

ఆ గదికి పేరు చెడి నెల దాటింది. ఇది యాభై ఏడో సంవత్సరం, శివరాత్రి ముందర జరిగిన సంగతి. సుందరరాజు అని మా ఊరి రచయిత ఉండేవాడు. నాటకాలూ నవలలూ కలిపి పద్నాలుగు పుస్తకాలు రాసినాడు. ఎంతమంది చదివినారో మాత్రం నన్ను అడగొద్దు. మెలకువగా ఉన్నంతసేపూ ఆయన నోట్లో చుట్ట ఉండాల్సిందే. నాలుగేండ్ల కింద ఆయన పోతే, భార్య కమలాక్షమ్మ ఆ పుస్తకాలూ, ఊరూరి రచయితలు ఆయనకి రాసిన అరవై ఒక్క ఉత్తరాలూ బీరువాతో సహా గ్రంథాలయానికి ఇచ్చేసింది.

"ఇంట్లో చుట్టకంపు పోతే అదే పదివేలు నాయనా," అనింది.

ఎంతెంత పెద్ద రచయితల ఉత్తరాలో! యోబు భక్తిగా ఒక్కోటీ చదివినాడు. సగం ఉత్తరాల్లో మొలల మందు సంగతి. మిగతా సగంలో, మామిడిపండ్లు పంపిస్తానంటివే, ఇంకా రాలేదే అని నిష్ఠూరం. అయినా రాసినోళ్ళు రచయితలు గదా! పురుగు పట్టకుండా ఉత్తరాల మధ్య పొగాకు పెట్టినాడు. వేపాకు కంటే అదే మేలని ఆకుల కట్ట తెచ్చిచ్చింది యోబు అత్త సువార్తమ్మే.

అంతా బాగానే ఉండింది. అయితే ఉన్నట్టుండి ఒక రాత్రి... మూసిన గదిలోంచి చుట్ట వాసన! ఇంకో రాత్రి దగ్గు. మరో రాత్రి, కిటికీ సందులోంచి ఎర్రగా ఒక చుక్క... వెలిగింది... ఆరింది... మళ్ళా వెలిగింది.

"ఏముందన్నా," అన్నాడు శేషయ్య. "అన్ని ఉత్తరాలొస్తే ఒక్కదానికీ బదులు రాయకుండా సచ్చిపాయె. ఇప్పుడు కూచోని రాస్తాండాడు."

యోబు మామ ఏలీయా అయితే ఇంకా గట్టిగా చెప్పినాడు. ఆయన మా ఊరి చర్చిలో సంఘ పెద్ద. పోయిన క్రిస్మస్‌కి పొగాకు ముట్టనని గుడిలో అందరి ముందర లేచి నిలబడి మాటిచ్చిన మనిషి.

"నేను కండ్లారా చూసినా. తెల్లపంచె... కాళ్ళు లేవు. పొద్దుగూకినాక ఎవురూ ఆ పక్కకి పోవాకండి."

సంఘ పెద్దే చూసినా అన్నాక ఇంక సాక్ష్యం ఎందుకు? సాయంత్రం చదువుకునేటోళ్ళు రావడం మానేసినారు.

యోబుకి మాత్రం దెయ్యం కంటే పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది. తెల్లారి కర్నూలు నుంచి అధికారి వస్తాండాడు, ఆ ఉత్తరాలు చూడనీకే. అన్నీ భద్రంగా ఉంటే యోబు ఉద్యోగం ఖాయం. ఒక్కటి తగ్గినా, భద్రం చేయలేనోడికి బీరువా ఎందుకని అన్నీ కర్నూలుకి ఎత్తుకపోతాడు, యోబు ఇంటికి పోతాడు. ఆ సాయంత్రం మూడుసార్లు లెక్కపెట్టినాడు. అరవై. మూడుసార్లూ అరవయ్యే! బనగానపల్లె కవి రాసింది లేదు.

"అన్నం తినేసి పోరాదా?" అనింది భార్య దెబోరా. "నాయన గూడా ప్రార్థన నుంచి ఇంకా రాలేదు."

"మామ వచ్చేలోపల వస్తా. అందరం కలిసే తిందాం."

లాంతరు పట్టుకొని బయలుదేరినాడు. శేషయ్య తలుపు సందులోంచి మూతి మాత్రం బయట పెట్టినాడు.

"పోతాండావా యోబన్నా?"

"తోడు రారాదా?"

"నేను ఈన్నుంచే చూస్తాంటా. నువ్వు సచ్చిపోతే ఎవురన్నా చెప్పాల గదా ఊళ్ళో."

గ్రంథాలయం ముందరి గది దాటినాడు. వాసన... ఘాటుగా, పచ్చిగా. లాంతరు వత్తి అల్లల్లాడింది... ఆరిపోయింది.

చీకటి.

వెనక గదిలో బీరువా తలుపు కిర్రుమనింది. కాగితాలు గలగలమన్నాయి... ఆగినాయి... మళ్ళా గలగల. ఎవరో ఒక్కో ఉత్తరం తిప్పి చూస్తాండారు. నిదానంగా. ఎర్రచుక్క వెలిగింది, నేల నుంచి నిలువెత్తున — గాలిలో.

యోబు ప్రార్థన చేద్దామని నోరు తెరిచినాడు. చిన్నప్పటి నుంచి వచ్చిన ప్రార్థన ఒక్క ముక్క గూడా గుర్తుకు రాలేదు. రోజూ వాగి వాగి నోటికి అలవాటైనవి గ్రంథాలయం నిబంధనలే వచ్చినాయి. వాటినే మొదలుపెట్టినాడు.

"ఒక్కొక్కరికి... రెండు పుస్తకాలు మాత్రమే... గదిలో పొగ తాగరాదు... తీసుకొని పోయినవి పద్నాలుగు దినాల్లోపల... తిరిగి ఇయ్యవలెను..."

ఎర్రచుక్క అట్లే ఆగిపోయింది.

చీకట్లోంచి గొంతు వచ్చింది. బొంగురుగా, గుసగుసగా...

"తిరిగియ్యనీకే గదరా వచ్చిండేది... అల్లుడా."

యోబు దడాలున చతికిలపడినాడు. సుందరరాజుకి తను అల్లుడెప్పుడైనాడబ్బా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించినాడు, పాపం. తరువాత అగ్గిపుల్ల గీసినాడు.

తెల్లపంచె. కాళ్ళు గూడా ఉన్నాయి. ఒక చేతిలో బనగానపల్లె కవి ఉత్తరం, ఇంకో చేతిలో చుట్ట. సంఘ పెద్ద ఏలీయా!

"మామా! నువ్వా?"

"గట్టిగా అరవాకు. ఆ పొగాకు ఎవురిదనుకుంటివి? నాదే. మాటిచ్చిన పొద్దే మీ అత్త కట్టంతా ఎత్తుకపాయె. పారేసిందేమో అనుకుంటి. తెచ్చి నీ ఉత్తరాల్లో పెట్టించింది! నా ఆకు యాడుందో తెలిసినాక నిద్ర పడ్తాదా చెప్పు? రెండో తాళంచెవి ఇంట్లోనే గూట్లో ఉండె..."

"కాళ్ళు లేవంటివే?"

"మరి ఎవురూ రాకుండా ఏం చెప్పాల?"

"ఉత్తరం ఎందుకు తీసుకపోతివి?"

"నేను తీసుకోలేదప్పా! నిన్న చీకట్లో ఆకుకి అంటుకోని వచ్చినట్టుండాది. పొద్దున చూసుకుంటే జేబులో ఉండె. నీ ముఖం చూస్తే రోజంతా ముద్ద దిగలేదు." చుట్ట కింద పడేసి కాలితో నలిపినాడు. "నీ ఉద్యోగం పోతే, నా బిడ్డ ముఖం ఎట్ల చూసేది?"

యోబు ఉత్తరం అందుకొని కండ్లకద్దుకున్నాడు. లాంతరు వెలిగించి మళ్ళా లెక్కపెట్టినాడు. అరవై ఒకటి. ఎంత సంతోషం పట్టిందంటే, ఆ కంపు మామనే వాటేసుకున్నాడు.

"మీ అత్తకి చెప్పాకు," అన్నాడు ఏలీయా గుసగుసగా. "ఆదివారం గుడిలో లేపి నిలబెడ్తాది."

"చెప్పను మామా."

ఇద్దరూ బయటికి వచ్చినారు. వీధిలో శేషయ్య అడిగినాడు, "ఏందన్నా? కనపడినాడా?"

"కనపడినాడు. ఉత్తరం ఇచ్చేసి పోయినాడు. ఇంక రాడంట."

ఏలీయా దారిపొడుగునా ఉమ్ముతా వచ్చినాడు. ఇంటి ముందర జామాకు తెంపి నమిలినాడు. చొక్కా దులుపుకున్నాడు. పెద్దమనిషి నడక నడిచి లోపలికి పోయినాడు.

"ప్రార్థన బాగా జరిగిందా?" అనింది సువార్తమ్మ.

"దివ్యంగా జరిగింది."

ఆమె తలూపి వంటింట్లోకి పోయింది. సంకటి ముద్దలు, శెనక్కాయల పులుసు తెచ్చి నడింట్లో పెట్టింది. అన్నం తట్టలు వరసగా పరిచింది. దెబోరా లెక్కపెట్టింది. ఇంట్లో ఉండేది నలుగురు. పరిచినవి ఐదు.

"ఐదోది ఎవురికమ్మా?"

"సుందరరాజు గారికి," అనింది సువార్తమ్మ, మొగుడి ముఖంలోకి చూస్తా. "పాపం, నెల దినాలుగా చేయని తప్పుకి మాట పడ్తాండాడు. ఆయప్పకి గూడా ఒక ముద్ద పెడదాం."

యోబు తల దించుకొని నవ్వాపుకుంటాండాడు. దెబోరా అర్థం కాక ఒకసారి వాళ్ళమ్మని, ఒకసారి నాయనని చూసింది. సువార్తమ్మ ఐదో తట్టలో గూడా సంకటి ముద్ద వేసి, మధ్యలో గుంట చేసి, పులుసు పోసింది.

అందరూ తినడానికి కూచున్నారు.

ఏలీయా మాత్రం కూచున్నోడల్లా, ఒకసారి పక్కనున్న ఆ తట్ట వైపు చూసి... ఎందుకైనా మంచిదని కొంచెం జరిగి చోటిచ్చినాడు.