త్రూవేలకు ముత్తాతలు లేరు

“పారిస్ నుంచి సొలాంజ్ అని ఒకావిడ వచ్చింది. మధ్యాహ్నంలోగా బ్లేజ్ దగ్గరికి చేర్చు,” అంది మదాం గోద్రీ, టోపీకి ఈక కుడుతూ. పైకి టోపీల కొట్టు యజమానురాలు. జర్మన్లు తిష్ఠవేసిన లియోన్‌లో రహస్య దళానికి ఆవిడే చీఫ్.

“నమ్మొచ్చా?” అన్నాడు ఏజెంట్ ఆన్సెల్మ్ త్రూవే.

“కోడ్ సరిగ్గానే చెప్పింది. పైగా ఆవిడా త్రూవేనే. మీవాళ్లే కదయ్యా.”

దళానికి మిగిలిన ఒకే ఒక్క వైర్‌లెస్ ఆపరేటర్ బ్లేజ్. అతను పట్టుబడితే లండన్‌తో మాట తెగిపోతుంది. ఆన్సెల్మ్‌కి ప్రాణస్నేహితుడు పోతాడు.

కెఫేలో కలిసింది సొలాంజ్. బొచ్చు కోటు, ఎర్రటి పెదాలు, ఈ కరువులో ఎక్కడ సంపాదించిందో పట్టు మేజోళ్లు. కొండవీధి మెట్లెక్కుతూనే అన్నయ్యా అని వరస కలిపేసింది.

బ్లేజ్ గది ముందు ఆన్సెల్మ్ చెయ్యెత్తాడు. మూడుసార్లు కొడితే బ్లేజ్ తలుపు తీస్తాడు. ఒక్కసారి కొడితే పారిపోతాడు.

“మీ ముత్తాతా మా ముత్తాతా అన్నదమ్ములట అన్నయ్యా. బర్గండీలో మన కోట ఇంకా ఉంది.”

ఆన్సెల్మ్ ఒక్కసారే కొట్టాడు.

“తియ్యడేం?”

“చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటాడు. కాస్త ఆగు.”

చాలాసేపు ఆగింది. చివరికి ఓపిక నశించి పిస్టల్ తీసింది. “నన్నెలా కనిపెట్టావు?”

“మా తాతని ఆసుపత్రి గోడలో, పిల్లల్ని వదిలేసే పెట్టెలో పెట్టిపోయారమ్మా. సిస్టర్లు ‘దొరికినవాడు’ అని రాసుకున్నారు. త్రూవే అంటే అదే. ఇక ముత్తాతెవడు, కోటెక్కడ?”

“పారేసిన పిల్లాడి వంశమా,” అని నవ్విందామె.

ఆన్సెల్మ్‌కి ఒళ్లు మండింది. “పారేసినవాళ్లు పేరు పెట్టలేదు. ఎత్తుకున్నవాళ్లు పెట్టారు. మార్చుకోమని నోటరీ చెప్పినా తాత ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. కాల్చుకో.”

దళంవాళ్లని ప్రాణాలతో పట్టుకోమని ఆమెకు జర్మన్ల ఆర్డర్. ఈల వేసింది. కింద కాపున్న మనుషులు దూసుకొచ్చి తలుపు బద్దలుకొట్టారు. గది ఖాళీ. పొయ్యి మీద కాఫీ ఇంకా మరుగుతోంది. సొలాంజ్‌తో సహా అందరూ కిటికీకేసి పరుగెత్తగానే ఆన్సెల్మ్ మెట్ల కింది చిన్న ద్వారంలో దూరి, ఇళ్ల కిందుగా సాగే పట్టు నేతగాళ్ల పాత సందుల్లోంచి అవతలి వీధిలో తేలాడు.

సాయంత్రానికి లండన్‌కు బ్లేజ్ సిగ్నల్ అందింది.

“మీ చెల్లెలెలా ఉంది?” అంది మదాం గోద్రీ, తప్పు తనదేనని తెలిసి తలెత్తకుండా.

“ముత్తాతలు లేరని చిన్నప్పుడు తెగ ఏడ్చేవాణ్ణి మదాం. వాళ్లతోపాటు ఇలాంటి చెల్లెళ్లొస్తారని అప్పుడెవరూ చెప్పలేదు.”