అక్క పేరుకు బదులు

చిన్నకోడలు ముందుగదిలో కుట్టుమిషన్ తొక్కుతోంది. పొద్దువాలింది. బయట ముసురు. వెనకగదిలోంచి పెద్దకోడలి ఊపిరి పిల్లికూతలు కూస్తూ వినబడుతోంది. ఇల్లంతా తడిబట్టల వాసన, మందుల వాసన.

పెద్దది మంచం పట్టినప్పటి నుంచీ అత్తగారు సాయంత్రమయ్యేసరికి దీపం ముందు కూర్చుని, "మృత్యుంజయా, నా పెద్దకోడల్ని కాపాడు తండ్రీ" అని పేరు పెట్టి మరీ గొంతు చించుకుంటోంది. అది చెవిన పడితే చాలు, చిన్నదానికి కడుపు రగిలిపోయేది. కిందటేడు తను జ్వరంతో పడుకుంటే ఇదే అత్తగారు ఓ మాత్ర చేతిలో పెట్టి, "మధ్యాహ్నానికల్లా లేచి తిరుగుతావులే" అనేసింది. తల్లిలేని పిల్ల. దేవుడి దగ్గర తన పేరెత్తే దిక్కే లేదు.

ఆ రోజు అత్తగారి గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"ఇవాళ్టికి నువ్వు కూర్చోవే. అక్క పేరు చెప్పి దణ్ణం పెట్టు," అని వంటింట్లోకి వెళ్ళింది.

చిన్నది కూర్చుంది. జపం సాగింది. పేరు చెప్పాల్సిన చోట నాలుక ఆగింది. ఎన్నాళ్ళని దాని పేరే?

మెల్లగా తన పేరు చెప్పింది.

వెనకగదిలో పిల్లికూతలు ఆగిపోయాయి.

అయ్యో, చంపేశానా... ఒక్క పరుగున వెళ్ళింది.

పెద్దకోడలు లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది. మొహం తేటపడింది.

"ఆకలేస్తోందే," అంది. అంతలోనే చిన్నదాని భుజం మీదుగా చూసి బిగుసుకుపోయింది.

అప్పుడు వినబడింది. పిల్లికూత. వీపు వెనక... చెవి పక్కనే...

"అక్కా... ఎవరు?"

"ఇన్నాళ్ళూ నా గుండెల మీద కూర్చున్నది. వెనక్కి తిరక్కు..." పెద్దది గుసగుసలాడింది. "దేవుడి ముందు ఏమన్నావే?"

"నా పేరు... చెప్పాను."

"దేవుడికంటే ముందు అది విన్నట్టుందే!"

అత్తగారు పరుగెత్తుకొచ్చింది. చిన్నదాని పెదవులు నల్లబడుతున్నాయి. ముసలావిడ అక్కడే కూలబడి చేతులు జోడించింది.

"తండ్రీ, నా చిన్నకోడల్ని కాపాడు!"

కాపురానికొచ్చిన నాటి నుంచీ వినాలనుకున్న మాట. చిన్నదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కానీ అత్తగారు పేరు దగ్గర ఆగిపోయింది. బిత్తరపోయి పెద్దకోడలి వైపు చూసింది.

"దీని పేరేంటే?"

పెద్దదాని పెదవులు కదిలాయి. పేరు రాలేదు. చిన్నదే చెప్పబోయింది... గుర్తులేదు.

చిన్నదాని మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. వెనక నుంచి ఎవరో ఆ పేరు పలికారు... ఎంతో ముద్దుగా.