రెండు శాతం గాలి

"హత్య ఎవరిది సార్?"

"ఒక పెట్టెడు కణాలది," అన్నాడు చీఫ్, తలుపులు మూసిన వ్యాన్‌లో కూర్చుని. "మూలకణాలు. ఎముక మూలుగలోంచి తీసి ల్యాబ్‌లో పెంచుతున్నారు. పై అంతస్తులో ఓ పేషెంటు వాటికోసం ఎదురుచూస్తున్నాడు. అతని సొంత మూలుగని మందులతో చంపేశారు. రేపు మధ్యాహ్నానికి ఇవి ఎక్కించకపోతే అంతే సంగతులు."

"చంపేదెవరు?"

"విదేశీ మందుల ముఠా. ఈ ట్రీట్‌మెంట్ ఫెయిలైతే జనానికి వాళ్ళ మందే గతి. ల్యాబ్‌లో ఓ డాక్టరమ్మ ఉంది. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. అసలు ఎటువైపో నాకే తెలీదు. ఓ కన్నేసి ఉంచు."

అడుగుల చప్పుడు వినపడదు కాబట్టి, ఈ ప్రశ్నలడిగిన ఏజెంటుకి డిపార్ట్‌మెంట్‌లో పిల్లి అని పేరు. తన తెలివి మీద పిల్లికి అపారమైన నమ్మకం.

మర్నాడు పొద్దున్నే అతను అటెండర్ అవతారం ఎత్తాడు. చొక్కా గుండీలో కెమెరా, తుడుపు కర్రలో సైలెన్సర్ పిస్టల్. డాక్టరమ్మ దగ్గరికెళ్ళి కోడ్ విసిరాడు.

"కిటికీ తియ్యమంటారా మేడమ్?"

"వద్దు, దుమ్మొస్తుంది."

కోడ్ సరిపోయింది. ఆమె అంత అందంగా ఉంటుందని మాత్రం బ్రీఫింగ్‌లో ఎవరూ చెప్పలేదు. తెల్లకోటు కూడా పార్టీకి వేసుకొచ్చినట్టుంది.

గదిలో ఫ్రిజ్ అంత ఇంక్యుబేటర్. దాని మీటర్‌లో ఆక్సిజన్ రెండు శాతం! మామూలు గాలిలో ఇరవై ఒకటి ఉంటుందని బళ్ళో చదివిందే. పైగా ఆమె, చక్కెర దండిగా ఉన్న పోషక ద్రవం బాటిల్ తీసేసి పల్చటిది తగిలించింది. తిండికి కోత, గాలికి కోత. దొంగ దొరికిందనుకున్నాడు.

ఆమె పక్క గదికి వెళ్ళగానే గ్యాస్ సప్లయర్ సిలిండర్ దొర్లించుకుంటూ వచ్చాడు. బట్టతల, ఒళ్ళంతా చెమటలు.

"ఓ చెయ్యి వెయ్యన్నా."

పిల్లి రెండు చేతులూ వేశాడు. పాత సిలిండర్ విప్పి, కొత్తది తనే బిగించాడు. దానిమీద నైట్రోజన్ అని రాసుంది. పాతదాన్ని మూల వదిలేసి సప్లయర్ చక్కా పోయాడు. మీటర్ కదిలింది. ఐదు. తొమ్మిది. పద్నాలుగు. బతికాయిరా బాబూ అనుకున్నాడు పిల్లి. నైట్రోజన్ పెడితే ఆక్సిజన్ తగ్గాలి గానీ ఎలా పెరుగుతుందని మాత్రం అతనికి తోచలేదు.

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి వాల్వ్ మీద చెయ్యి వేసింది.

"చెయ్యి తియ్యండి." పిస్టల్ ఆమెకి గురిపెట్టాడు. "ఊపిరాడక చచ్చేవాటికి ఇప్పుడే గాలి అందుతోంది."

"ఎముక లోపల అంత గాలి ఎక్కడుంటుందయ్యా!" అని అరిచిందామె. "అవి ఉండేదే తక్కువ గాలిలో, తక్కువ తిండితో. అలా ఉంచితేనే నిద్రపోతూ శక్తి దాచుకుంటాయి. ఎక్కువైతే అన్నీ ఒక్కసారే లేచి రక్తకణాలైపోతాయి. విత్తనపు గింజలు వండుకు తిన్నట్టే, మళ్ళీ మొలకెత్తడానికి ఏం మిగలదు. ఆ తీపి బాటిలూ, ఈ సిలిండరూ ముఠావే!"

"నైట్రోజన్ అని రాసుందిగా..."

"రాసింది వాళ్ళేగా!"

మీటర్ పద్దెనిమిది దాటింది. పిస్టల్ దిగలేదు. ఆమె వాల్వ్ వదల్లేదు.

"అందులో ఉన్నది నా మూలుగ. పైన పడుకున్నది నా తమ్ముడు. సంగతి బయటపడితే వాణ్ణి అడ్డం పెట్టుకుని నన్ను ఆడిస్తారని మీ చీఫ్‌కి కూడా చెప్పలేదు. కాల్చాలంటే కాల్చండి. ముందు వాల్వ్ కట్టనివ్వండి."

పిల్లి చెవులు ఎర్రబడ్డాయి. శత్రువు సిలిండర్‌కి తుపాకీ పట్టుకుని కాపలా కాస్తున్నది తనే! వాల్వ్ కట్టేసి, ఇంకా గ్యాస్ మిగిలున్న పాత సిలిండర్‌ని మూలనుంచి మోసుకొచ్చి తగిలించాడు. కంగారులో నట్టు రెండుసార్లు జారిపోయింది. మీటర్ నెమ్మదిగా వెనక్కి దిగింది.

"మేడమ్, నేను..."

"సిగ్గుపడటం తర్వాత. ఆ బాటిల్ పట్టుకోండి."

ఆమె మైక్రోస్కోప్ మీద వాలి ఎంతసేపటికీ తలెత్తలేదు. చివరికి, "చాలావరకు నిద్రలోనే ఉన్నాయి," అని కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం కణాలు ఎక్కుతుంటే తమ్ముడు నీరసంగా అడిగాడు. "ఆయనెవరక్కా?"

ఆమె పిల్లి వైపు ఓసారి చూసింది. "సాయం చేశారురా."

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తల దించుకుని కిందికొచ్చి వ్యాన్ ఎక్కాడు. గేటు దగ్గర దొరికిపోయిన సప్లయర్ లోపల బేడీలతో కూర్చుని ఉన్నాడు. పిల్లి మొహం చూసి జాలిపడి, కాస్త జరిగాడు.

"అయ్యో, నిన్ను కూడా పట్టేసుకున్నారా అన్నా?"

పిల్లి అతని పక్కనే కూర్చున్నాడు.