రాబిగ్ ఒడ్డున దొరికిన ట్యూబు

ఆ శుక్రవారం నమాజయ్యాక నా భార్య మాబున్నీనీ, కూతురు తమన్నానూ సౌదీలోని రాబిగ్ పక్కన సముద్రానికి తీసుకెళ్ళాను. నేనక్కడ కంపెనీ బస్సు డ్రైవర్ని. వాళ్ళు విజిట్ వీసా మీద కడప నుంచి వచ్చి ఇరవై రోజులైంది. తమన్నాకు ఆరేళ్ళు. సముద్రం చూడడం అదే మొదలు.

ఒడ్డంతా కుటుంబాలే. బొగ్గుల మీద కోడి కాలుతున్న వాసన. దూరంగా రిఫైనరీ గొట్టాలు.

"మోకాళ్ళు దాటి పోనీవాకయ్యా," అంది మాబున్నీ. "పిల్లకు ఈత ట్యూబు కొనమని నెత్తీ నోరూ కొట్టుకుంటి."

మర్చిపోయింది నేనే. అందుకే గాలిపోయి ఇసుకలో సగం పూడిన ఎర్ర ట్యూబు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. కడిగాను. ఎంత తోమినా జిగట పోలేదు. దాని మూతిని చొక్కాతో తుడిచి ఊదాను.

రెండుసార్లు. మూడుసార్లు. నాలుగోసారి... లోపల్నుంచి ఎవరో నా నోట్లోకి ఊదారు.

వెచ్చటి, తడి గాలి. ఎండలో మూడు రోజులు కుళ్ళిన చేప కంపు. మెత్తనిదేదో నాలుకకు తగిలి, చీమిడిలా గొంతులోకి జారింది. ఉమ్మాను. వేళ్ళు పెట్టి నాలుక గీకాను. పోలేదు.

తలెత్తి చూస్తే ట్యూబు నిండుగా ఉంది. నేను ఊదింది సగం కూడా కాదు.

అప్పుడే పారేయాల్సింది. కానీ పిల్ల దాన్ని నడుముకు తొడుక్కుని గంతులేస్తోంది. లోపల ఉప్పునీళ్ళు కుళ్ళి ఉంటాయిలే అని సర్దిచెప్పుకున్నాను.

మోకాలి లోతులో పిల్ల చెయ్యి పట్టుకునే ఉన్నాను.

"నాయనా... ఇది ఊపిరి తీస్కుంటాంది."

చూశాను. ఎర్ర రబ్బరు ఉబ్బుతోంది... తగ్గుతోంది. ఉబ్బినప్పుడల్లా పిల్ల నడుముకు బిగుస్తోంది.

"నొప్పి నాయనా..."

గాలి ఒడ్డుకేసి వీస్తోంది. ట్యూబు మాత్రం లోపలికి లాగుతోంది. నడుము లోతు... ఛాతీ లోతు... కాళ్ళ కింద నేల లేదు. పిల్లను ఒక చేత్తో హత్తుకుని, పళ్ళతో ట్యూబు బిరడా పీకాను.

బుస్సుమనలేదు. దగ్గింది.

నల్లటి చిక్కటి నీళ్ళు నా మొహం మీదికి కక్కింది. అందులో తెల్లగా నానిన తోలు ముక్కలు. ఒకటి నా పెదానికి అంటుకుంది. నేనూ అక్కడే కక్కాను. కక్కుతూనే ట్యూబును కిందికి తోసేసి, పిల్లతో ఒడ్డున పడ్డాను.

మాబున్నీ పరుగెత్తుకొచ్చి చున్నీ చుట్టింది. పిల్ల గుండెకు చెవి ఆనించి, "ఆడతాంది... ఆడతాంది" అంటూ ఏడ్చింది.

పొద్దు గూకుతుండగా బయలుదేరాం. మూడు సీసాల నీళ్ళు పుక్కిలించినా నా నోట్లో ఆ రుచి అలాగే ఉంది. వెనక సీట్లోంచి సన్నగా పిల్ల గొంతు వినిపించింది.

"ఉమ్మీ... ఫేనిక్?"

తమన్నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు.

"నిద్రలో ఏందో కలవరిస్తాంది," అంది మాబున్నీ. "ఏమంటాందయ్యా?"

అమ్మా, ఎక్కడున్నావని. అద్దంలో చూశాను.

"ఉమ్మీ..."

తల్లి ఒళ్ళో నిద్రపోతున్న తమన్నా పెదాలు గట్టిగా మూసుకునే ఉన్నాయి.