తడి ఆరని బెంచీ

ఏడో మెట్టు మీద మంచు ఇంకా విడలేదు. స్వరూప అరచేతులకు మెత్తటి బూడిద రాసుకుని, కదిలే పట్టీ మీద నుంచి మొదటి వస్తువును తన బల్ల మీదికి లాక్కుంది. ఇస్త్రీ పెట్టె. బల్ల అంచున ఉన్న ముల్లు వణికి తొమ్మిది దగ్గర ఆగింది.

"తడి తొమ్మిది," అంది.

"నమోదైంది," అంది గోడలోంచి ఎంపిక, ఏ వస్తువు ఎక్కడికి పోవాలో చెప్పే యంత్రం.

స్వరూప పిడి మీద రెండు చేతులూ వేసి కళ్ళు మూసుకుంది. ఎవరిదో తెల్లచొక్కా కాలరు. దాని మీద నీళ్ళు చిలకరిస్తున్న వేళ్ళు. పక్కగదిలోంచి ఎవరో దగ్గుతూ, అయిందా అని అడుగుతున్నారు. అంతే. ఆ కాస్త తడీ ఆమె మోచేతుల గుండా పాకి, నడుము దాటి, పాదాల కింద ఉన్న ఇసుక పళ్ళెంలోకి దిగిపోయింది. ముల్లు మెల్లగా సున్నాకు జారింది. ఆమె నీలి వలయం వెలిగే బొటనవేలు ఆనించి పొడిముద్ర వేసింది. ఇస్త్రీ పెట్టె ఇప్పుడు ఎవరిదీ కాదు.

"ఇస్త్రీ పెట్టె. ముత్తారం. ముగ్గురున్న ఇల్లు," అంది ఎంపిక. పట్టీ దాన్ని తీసుకుపోయింది.

ఒకప్పుడు ఈ పట్టీల మీద బొగ్గు నడిచేది. భూమిని మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ లోపలికి పోయిన గని ఇది. బొగ్గు అయిపోయాక అడుగున నీళ్ళు ఊరి నీలంగా నిలిచాయి. మెట్ల మీద గాజుకప్పుల శాలలు లేచాయి. ఇప్పుడు అందరూ దీన్ని మలిచుట్టు అంటారు. నాలుగువందల రోజులు ఎవరూ ముట్టని వస్తువు ఏ ఇంట్లో ఉన్నా, ఏ ఆఫీసులో ఉన్నా మలిచుట్టు బండి వచ్చి తీసుకుపోతుంది. పనికిరానివి పదో మెట్టు మీది కొలిమికి పోతాయి. పనికొచ్చేవి తడి ఆరి, అవసరమున్న చోటికి వెళ్తాయి. ఇచ్చినవాళ్ళెవరో పుచ్చుకున్నవాళ్ళకు తెలియదు. ఎవరు పుచ్చుకున్నారో ఇచ్చినవాళ్ళకూ తెలియదు.

ఇస్త్రీ పెట్టె తర్వాత, మూతపడిన ఏదో ఆఫీసు నుంచి నలభై కుర్చీలు వచ్చాయి. ఆఫీసు కుర్చీల్లో తడి తక్కువ. ఒక్కోదానిలో రెండో మూడో మధ్యాహ్నాలు మిగిలి ఉంటాయి. ఒకావిడ చెప్పులు విప్పి పాదాలను చల్లని గచ్చుకు ఆనించుకుంటుంది. ఒకాయన తలుపు వైపు చూసి చూసి, జేబులోంచి ఒక ఫోటో తీస్తాడు. పద్నాలుగేళ్ళుగా స్వరూప ఇలా పరాయి మధ్యాహ్నాలను ఇసుకలోకి దించుతోంది. ఆరబోత పనిలో ఉన్నవాళ్ళకు కలలు రావు. ఆమె నిద్ర సున్నం కొట్టిన గోడలా ఉంటుంది.

పదకొండో కుర్చీ మీద ఉండగా పైన గేటు నుంచి ఓదెలు పిలిచాడు. గేటు దగ్గర ముప్పై ఏళ్ళుగా ఉన్న మనిషి. అనవసరంగా ఎవరినీ పిలవడు.

"చెల్లె, జరంత పైకొస్తవా. ఒకాయన వచ్చిండు. సామాన్ తనే తెచ్చుకున్నడు."

ఎవరూ అలా రారు. స్వరూప చేతుల బూడిద దులుపుకుని మెట్లెక్కింది.

గేటు ముందు ట్రాలీ ఆటో. పక్కన మంచులో, ఎనిమిదడుగుల టేకు బెంచీ. అంచులు కూర్చుని కూర్చుని నున్నబడి, చెయ్యి వేస్తే జారేలా ఉన్నాయి. దాని మీద అరవై ఐదేళ్ళ మనిషి కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా చక్కగా ఇస్త్రీ చేసి ఉంది గానీ, గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నాడు. ఎడమ అరచేతిలో సిరాతో రాసుకున్నది ఒకసారి చదువుకుని తలెత్తాడు.

"నా పేరు పోశెట్టి. కాలువ ఆఫీసుల క్యాంటీన్ నడిపిన బిడ్డా. ముప్పై ఒక్క ఏండ్లు. ఆఫీసు మూశినంక ఈ బెంచీ ఒక్కటి అడిగి తెచ్చుకున్న."

"ఇంట్ల వాడుతలేరా కాకా?"

"వాడుతున్న. రోజు దీని మీదనే పంటున్న. సోమారం నన్ను నీడకు తోలుకపోతున్నరు. ఆడికి సామాన్ రానియ్యరు."

నీడ పెద్దపల్లిలో ఉంది. మతిమరుపు ముదిరినవాళ్ళను అక్కడ చూసుకుంటారు.

"ఇచ్చుడైతే ఇస్త," అన్నాడు పోశెట్టి. "ఒక్క మాట అడుగుదామని వచ్చిన. దీన్ని ఆరవెట్టకుండ్రి."

ఓదెలు గేటు గొళ్ళెం సరిచేస్తున్నట్టుగా అటు తిరిగాడు.

"అట్ల కుదరది కాకా. తడి ఆరని సామాన్ బయటికి పోవద్దు. వెనుకట ఒక ఊర్లె ఒకామెకు అట్లనే మంచం ఇచ్చిండ్రు. దాంట్ల ఎవరిదో దుఃఖం ఉన్నది. ఆమె నలభై దినాలు లేవలే. ఎవరి కోసం ఏడుస్తున్నదో ఆమెకే తెల్వది."

"నిజమే ఉంటది," అన్నాడాయన నెమ్మదిగా. "మంచం మీద మనిషి ఒక్కడే పంటడు. బెంచీ మీద నలుగురు కూసుంటరు." కాసేపు మంచులోకి చూశాడు. "నేను మర్శిపోతున్న బిడ్డా. మొన్న పాలప్యాకెట్ చేతుల వట్టుకొని ఇదేందని శానాసేపు చూశిన. దానికి నాకేం బాధ లేదు. కాని ఆడ అంతమంది ఉండె. ఎవలికి చక్కెర తక్కువ, ఎవలికి అల్లం ఎక్కువ, అంత నాకు ఎరుకుండె. నేను మర్శిపోయి, గిది గూడ మర్శిపోతే, ఇగ వాళ్ళంత ఏడున్నట్టు?"

స్వరూప బెంచీ వైపు చూసింది. "చూస్త కాకా," అంది. ఆ మాట అనే అధికారం తనకు లేదని ఆమెకు తెలుసు.

ఆయన అరచెయ్యి మళ్ళీ చదువుకుని, బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు. మంచు ఆయన్ని ముందు మోకాళ్ళ వరకు, తర్వాత మొత్తంగా తీసుకుంది.

బెంచీని ఏడో మెట్టుకు దించేసరికి పొద్దెక్కింది. గాజుకప్పులోంచి ఎండ పలచగా, నీళ్ళలోంచి వస్తున్నట్టుగా పడుతోంది. బెంచీని బల్లకు ఆనించగానే ముల్లు గబగబా ఎక్కింది. తొంభై దాటిన తడిని స్వరూప ఎన్నడూ చూడలేదు. ముల్లు నాలుగువందల పన్నెండు దగ్గర నిలబడింది.

ఆమె అరచేతులు పూర్తిగా మోపకుండా, వేళ్ళ కొసలు మాత్రం ఆనించింది. అలా ఆనిస్తే తడి కిందికి దిగదు, కదులుతుందంతే. వాన. రేకుల మీద వాన. కాలువ గేట్లు ఎత్తి దించే లస్కర్లు తడిసి వచ్చి, వరసగా కూర్చుని కాళ్ళు ఊపుతున్నారు. పొయ్యి మీద డికాక్షన్ పొంగుతోంది. కొత్తగా చేరిన ఇంజినీరమ్మ కూర్చోవాలా వద్దా అని నిలబడి ఉంటే, ముగ్గురు ఒకేసారి పక్కకు జరిగారు. ఎవరో చెప్పిన మాటకు బెంచీ బెంచీ అంతా నవ్వుతోంది. మాట వినబడలేదు. నవ్వు మాత్రం ఆమె డొక్కల్లోకి వచ్చింది. స్వరూప తన పెదాలు విచ్చుకుని ఉండటం గమనించి వేళ్ళు వెనక్కి తీసుకుంది. ఇంకా కింద ఎన్ని ఏళ్ళున్నాయో, వాటిలో ఏమున్నాయో ఆమె చూడలేదు. నాలుగువందల పన్నెండును ఒక్కరు చూడగలిగేది కాదు.

ఆరేళ్ళ కిందట ఆమె బల్ల మీదికి ఒక రొట్టెల పీట వచ్చింది. మామూలుగానే చేతులు మోపి కళ్ళు మూసుకుంది. జొన్నపిండి, గాజుల చప్పుడు, రొట్టెను చరుస్తున్న అరచేయి. చివర్లో ఒక చిన్న చెయ్యి పిండి ముద్దను దొంగిలించబోయింది. దాని మణికట్టు మీద కాలిన మచ్చ. అది తన చెయ్యి. చనిపోయిన తల్లి సామాను తమ్ముడు మలిచుట్టు బండి ఎక్కించిన సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. ముల్లు రెండు దగ్గర ఉంది. చేతులు తీసేలోపు సున్నా అయింది. పీట ఎవరింటికో వెళ్ళిపోయింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ట్రాలీ తీసుకుపోవడానికి దిగిన ఓదెలు ఆమె వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏం ఆలోచిస్తున్నవ్ చెల్లె?"

"ఏం లేదన్నా."

"పద్నాలుగేండ్ల నౌకరి. ముద్ర వోతే మళ్ళ రాదు."

"ఎరుకే."

"ఆడ ఎవరన్న మంచాన పడితే?"

"అదే భయమైతున్నది," అంది స్వరూప.

పట్టీ చివరి ద్వారం ముద్రనే చూస్తుంది. ముల్లును చూసేది బల్ల దగ్గరి మనిషి ఒక్కతే. ఆ నమ్మకం మీదే ఇన్నేళ్ళూ పట్టీలు నడిచాయి. స్వరూప ఒకసారి ముల్లు వైపు చూసింది. నాలుగువందల పన్నెండు. బొటనవేలు బెంచీ అడుగున ఆనించి పొడిముద్ర వేసింది.

"బెంచీ," అంది ఎంపిక. "మంథని. నర్సింగు విద్యార్థినుల వసతి గృహం."

బెంచీ పట్టీ మీద ఊగుకుంటూ ఎండలోకి వెళ్ళింది. ఓదెలు తల గోక్కుని, ఖాళీ ట్రాలీ తోసుకుంటూ పైకి పోయాడు. "నేనైతే ఏం చూడలే," అన్నాడు వెళ్తూ వెళ్తూ.

ఎనిమిది రోజులు ఏమీ జరగలేదు. స్వరూప రోజూ మంథని వైపు నుంచి ఏదైనా కబురు వస్తుందేమోనని చెవి వేసి ఉంచింది. తొమ్మిదో రోజు పొద్దున, ఆమె ఒక కుక్కర్ మీద చేతులు వేసి ఉండగా, పట్టీలన్నీ ఆగిపోయాయి. పది మెట్ల మీదా ఒకేసారి చప్పుడు ఆగింది. అడుగున నీళ్ళ మీద కొంగలు ఎగరడం వినిపించింది.

"మంథని వసతి గృహంలో పదిహేడు మందికి ఒకే కల వస్తోంది," అంది ఎంపిక. "బెంచీ మీది ముద్ర నీదేనా?"

"నాదే."

"పొరపాటు జరిగిందా?"

"లేదు."

"పొరపాటు కానిచో కారణం తెలుపవలెను," అంది ఎంపిక. చాలా పాత గొంతుతో, ఎవరూ వాడని వాక్యం. అందులో అలాంటి ప్రశ్న ఉందని కూడా ఎవరికీ తెలియదు.

"ఒకాయన అడిగిండు," అంది స్వరూప.

"కారణాల జాబితాలో లేదు. ముద్ర నిలిపివేయబడింది."

ఆమె బొటనవేలి మీది నీలి వలయం ఆరిపోయింది. ఆమె కుక్కర్ మీద నుంచి చేతులు తీసి, బూడిద కడుక్కుంది.

గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుంటాయి. నర్సింగు కాలేజీ యూనిఫాం, భుజానికి సంచి. పేరు రుచిత అని ఓదెలు చెప్పాడు. పొద్దున్నే మంథని నుంచి బస్సెక్కి వచ్చిందట.

"బెంచీ వాపస్ తీసుకపోనీకె బండొచ్చింది అక్కా. మేం ఇయ్యలేదు. అందరం దాని మీదనే కూసున్నం. వార్డెన్ మేడం గూడ కూసున్నది."

"భయపడ్డరా?"

"మొదట్ల రెండు రోజులు ఏడ్శినం. అటెన్క అలవాటైంది." రుచిత సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ అడిగింది. "దాంట్ల చాయ్ పోశే ఆయన ఉన్నడు కదా. ఉన్నడా అక్కా ఆయన? నిజంగ?"

ఇచ్చినవాళ్ళెవరో పుచ్చుకున్నవాళ్ళకు చెప్పకూడదు. స్వరూప ఓదెలు వైపు చూసింది. ఓదెలు గేటు పూర్తిగా తెరిచాడు.

"పదకొండున్నరకు పెద్దపల్లి బస్సు ఉన్నది," అన్నాడు.

ఇద్దరూ బస్సెక్కారు. కిటికీ బయట పత్తిచేలు మబ్బుల్లా వెనక్కి పోతున్నాయి. సగం దారిలో స్వరూప చేతిలోని ఫోను పలక మోగింది. ఓదెలు.

"చెల్లె, పట్టీలు మళ్ళ నడుస్తున్నయి. కాని నాలుగో మెట్టుల రాజవ్వ ఒక ఉయ్యాలకు ముల్లు దిగకముందే ముద్ర ఏశి, ఆ మాట తనే చెప్పింది. ఎంపిక అడిగింది పొరపాటా అని. కాదన్నదట. ఇప్పుడు ఆరో మెట్టుల గూడ ఎవరో గట్లనే అంటున్నరు. అది ఒక్కొక్కల్ని అడుక్కుంట పోతున్నది. ఎవరూ పొరపాటని ఒప్పుకుంటలేరు."

స్వరూప పలకను చీర కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

నీడ వరండాలో పోశెట్టి వేప చెట్టు వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఎవరో గుండీలు సరిగ్గా పెట్టారు. స్వరూపను చూసి మర్యాదగా నవ్వాడు. ఆ నవ్వులో గుర్తింపు లేదు.

రుచిత ఆయన ముందు గచ్చు మీద కూర్చుంది. మెల్లగా మొదలుపెట్టింది.

"తాతా, ఒక క్యాంటీన్ ఉండె. కాలువ పక్కపొంటి."

"ఊఁ," అన్నాడాయన.

"ఆడ చాయ్ వెట్టే ఆయన ఎన్నడు నాగా వెట్టకపోయేటోడు. ఒకనాడు మాత్రం పొయ్యి ముట్టియ్యలే. వచ్చి బెంచీ కొసకు కూసున్నడు. అందరు వచ్చి చూశిండ్రు. ఎవరు ఏం అడగలే. పక్కకు కూసున్నరు."

"ఏమాయె ఆయనకు?"

"ఆయన ఇంటామె పోయింది తాతా. ఆ పొద్దుగాలనే."

పోశెట్టి ముఖం ముడుచుకుంది. "అయ్యో. పాపం," అన్నాడు. కళ్ళు నీళ్ళతో నిండాయి. చొక్కా చేతితో తుడుచుకున్నాడు. స్వరూప స్తంభం పట్టుకుని నిలబడింది. చెప్పొద్దని అమ్మాయిని ఆపాలా అనుకుంది. ఆపలేదు.

"మరి చాయ్?" అన్నాడు పోశెట్టి.

"పెద్ద ఇంజినీరు లేశి చొక్కా చేతులు మడుసుకొని పొయ్యి ముట్టిచ్చిండు. ఆ దినం ఆయన, తెల్లారి లస్కరు, ఆ తెల్లారి టైపు కొట్టే ఆమె. పదకొండు దినాలు, దినానికి ఒకలు. చాయ్ వెట్టి మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చేటోళ్ళు."

"మంచోళ్ళు," అన్నాడు. గాలికి వేపాకు రాలి అమ్మాయి జుట్టు మీద పడింది. ఆయన ముందుకు వంగాడు.

"ఎట్లుండె మరి, ఆ ఇంజినీరు వెట్టిన చాయ్?"

రుచిత నవ్వు ఆపుకోలేకపోయింది. "అస్సలు బాగలేకుండె తాతా. ఆయన గూడ అదే అన్నడు. అంత దుఃఖంల గూడ."

పోశెట్టి పకపకా నవ్వాడు. వరండాలో మిగతావాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒకావిడ తన కుర్చీని దగ్గరికి లాక్కుంది.

"ఆఁ," అన్నాడు ఆయన కళ్ళు తుడుచుకుంటూ. "అటెన్క?"