ఈ బండి కింద ఎవరూ పడలేదు

పిల్లలూ, ఈ కథ మీ చెవిన పడలేదు. మనముండే ఈ దూరదేశంలో చెప్పేవాళ్లు లేరు. తెలిసినంత మటుకే చెబుతాను, తెలియనిది కలపను. రెండువేల మూడులో, వానలు మొహం చాటేసిన ఏడు, అనంతపురంలో మెకానిక్ దివాకర్‌కు జరిగింది ఇది.

దివాకర్ పాత స్టేషన్ వ్యాగన్ ఒకటి కొని రెండేళ్లు దానికే ప్రాణం పెట్టాడు. వెడల్పు టైర్లు, లావు సైలెన్సరు, ఇంజనుకు బలం పెంచే టర్బో. రోడ్డెక్కితే బాణమే. దానికి ఒక్కటే పథ్యం. వేగంగా తోలి ఆపినప్పుడు ఇంజన్ వెంటనే కట్టెయ్యకూడదు, రెండు నిమిషాలు ఊరకే తిరగాలి. లేకుంటే టర్బో కాలిపోతుంది. అందుకని తాళం తీసినా ఆ రెండు నిమిషాలు ఇంజన్ తిరిగేలా ఒక చిన్న పెట్టె బిగించాడు.

అట్లాంటి బండిని ఉన్నట్టుండి అమ్మకానికి పెట్టాడు. బ్రోకర్లను పిలవలేదు. బ్రోకరైతే ఊరంతా విచారిస్తాడు.

నెల కిందట ముదిగుబ్బ రోడ్డులో, మిట్టమధ్యాహ్నం, ఆ బండి బయ్యన్న అనే గొర్రెల కాపరిని గుద్దింది. అతను చక్రాల కింద పడలేదు, ఎగిరి పక్కన పడ్డాడు. చూసినవాళ్లు లేరు. దివాకర్ అతన్ని మోకాళ్లు మడిచి వెనక సామాన్ల చోట పడుకోబెట్టి ఆసుపత్రికి బయల్దేరాడు. దారిలో ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. దగ్గరికే, తాకలేదు. అయినా బండి ఆపాడు. బయ్యన్న వేలి కణుపుతో వెనక అద్దం మీద కొట్టాడు. టక్... టక్.

“ఇంకా ఎంతసేపన్నా?”

“చల్లారనీ,” అన్నాడు దివాకర్.

ఇంజన్ చల్లారింది. బయ్యన్న కూడా. తీసుకుపోయి ఎత్తిన చోటే దించి వచ్చాడు. ఏదో లారీ గుద్దిందన్నారు జనం.

ఆనాటి నుంచి తాళం తీసిన ప్రతిసారీ, ఆ రెండు నిమిషాల్లో, ఎండకు మాడిన ఉన్ని వాసన... వెనక అద్దం మీద టక్... టక్. పెట్టె పీకేశాడు. అయినా ఇంజన్ ఆగలేదు.

కొనడానికి విడపనకల్లు నుంచి లక్ష్మీపతి వచ్చాడు. శెనక్కాయల వ్యాపారి, వేగమంటే పిచ్చి. తోలి చూసి వచ్చి, పెళ్లాన్నయినా పుట్టింటికి పంపుతాను గానీ దీన్ని వదలనని నవ్వుతూ తాళం తీశాడు. ఇంజన్ తిరుగుతూనే ఉంది.

టక్... టక్.

“వెనక ఏమప్పా అది?”

“సైలెన్సరన్నా. వేడి దిగేటప్పుడు అట్లే అంటాది.”

లక్ష్మీపతి కాసేపు చెవి పెట్టి విన్నాడు. మనిషిని తిన్న బండి తమ గడప తొక్కకూడదన్నాడు, ఇది ఎవర్నీ తినలేదని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పమని అడిగాడు. వాళ్లింట్లో ఆ ఒట్టు లేనిదే ఏ బండీ కొనరట. దివాకర్ కూతురు చౌడేశ్వరి, ఆరేళ్లది, అరుగు మీద చింతపిక్కలు ఆడుకుంటోంది. పిలిచాడు. తల మీద చెయ్యి పెట్టాడు. మాటలు ఏరుకున్నాడు.

“ఈ బండి కింద ఎవురూ పడలే.”

అబద్ధం కాదు కదా, అనుకున్నాడు.

బండి పోయింది. దుమ్ము అణిగింది. ఏ చప్పుడూ లేదు. నెల తర్వాత మొదటిసారి గుండెనిండా ఊపిరి పీల్చాడు. అప్పుడు...

టక్... టక్.

వెనక్కి తిరిగాడు. చౌడేశ్వరి అరుగు మీద ఒరిగి పడుకుని ఉంది. మోకాళ్లు కడుపులోకి మడిచి. వేలి కణుపుతో గోడను కొడుతోంది. పెదవులు బీటలు వారాయి.

“చల్లారిందా... అన్నా?”

ఆసుపత్రిలో జ్వరం లేదన్నారు, దెబ్బ లేదన్నారు. ఆ పిల్ల మళ్లీ దివాకర్‌ను నాయనా అని పిలవలేదు. అతను విడపనకల్లు పోయి, లక్ష్మీపతి కాళ్లు పట్టుకుని జరిగిందంతా చెప్పాడు, బండి తిరిగి ఇచ్చెయ్యమన్నాడు.

లక్ష్మీపతి కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. “బండి శుభ్రంగా ఉండాది. నువ్వు ఒట్టు పెట్టింది బండి మీద కాదప్పా, బిడ్డ మీద.”

ఇప్పటికీ ఆ వీధిన గొర్రెల మంద పోతే దివాకర్ ఇంటి ముందు ఆగిపోతుంది. అదిలించినా కదలదు. ఒక్కటీ అరవదు. మూసిన తలుపు వెనక నుంచి చౌడేశ్వరి ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచినది పిలిచినట్టే ముందుకొచ్చి, గడప ముందు మోకాళ్లు మడుస్తుంది...

మీ పిల్లలు మాటలు ఏరుకుని నిజం చెప్పడం మొదలుపెట్టిన రోజున, వాళ్లకీ కథ చెప్పండి. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు.